జేబులోని చిన్నకత్తి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

  

ఈ రజతోత్సవ సభలో మాటాడుమని నన్ను కోరినప్పుడు నేను మనుచరిత్రమును గూర్చియో, వసుచరిత్రమును గూర్చియో చెప్పుదునని మీలో చాలమంది అనుకొనియుందురు. కొందఱు అందుకు సిద్ధపడి చేరగిలపడుటకు గోడప్రక్క చోటు చూచుకొన్నట్లు కూడ కనబడుచున్నది. కాని కార్యదర్శిగారు ఈ మారు కావ్యములు వలదనిరి. రైతుకు, గృహిణికి, బడిపిల్లవానికి రేపటినుండి పనికివచ్చు మాట యొక్కటి చెప్పవలెనని షరతు పెట్టిరి. ఆలోచించి, జేబులో వేసికొను చిన్న మడతకత్తిని విషయముగా ఎన్నుకొంటిని. దానిని తక్కువ వెలకు, తక్కువ బరువులో, మోసపోకుండ ఎట్లు ఎన్నుకొనవలెనన్నదే నేటి ప్రసంగము.

కావ్యములు వలదన్నారు గాని నిఘంటువులు వలదనలేదు. అమరకోశమున క్షత్రియవర్గమునందు చిన్నకత్తికి శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక అని నాలుగు పేర్లున్నవి. అసి యనగా ఖడ్గము. అసిపుత్రి యనగా ఖడ్గమునకు కూతురు. ధేనుక యన్నచో ఆవు. వ్యాఖ్యాతలు ఏమి చెప్పినను, నాకీ రెండు పేర్లును మిక్కిలి ఇష్టము. తండ్రి ఏడాదికొకమాఱు ఆయుధపూజనాడు పసుపు కుంకుమలు పెట్టించుకొని మూలకు చేరును. కూతురు దినదినము ఇంటిపని చక్కబెట్టును. ఛురికకు మన చురకత్తి చుట్టము. చాకు అను మాట పారసీకమునుండి ఉర్దూ మీదుగా మన యింటికి వచ్చినది. ఇక మడచుట యనునది క్రొత్త విద్య కాదు. రోమనుల కాలపు మడతకత్తులు ఐరోపా వస్తుప్రదర్శనశాలలలో నేటికిని ఉన్నవి. మన యూళ్లలో మంగలికత్తి ఎన్నడో మడత నేర్చినది.

కత్తికిని గ్రంథాలయమునకును ఏమి సంబంధమని అడుగవచ్చును. తాటియాకుపై గంటముతో వ్రాసిన దినములలో ఆకు అంచులు సమముగా కోయుటకు కత్తి కావలసివచ్చెను. పిమ్మట రెల్లుకలము వచ్చెను, దాని పాళీ చెక్కుటకును కత్తియే కావలసివచ్చెను. పడమటి దేశములవారు పక్షియీకలతో వ్రాయునప్పుడు ఆ యీకలను చెక్కుకొనిన చిన్నకత్తికే 'పెన్ నైఫ్' అని పేరు వచ్చినది. కనుక వ్రాతకాని ప్రక్కన కూర్చున్న పనిముట్టును గూర్చి పుస్తకముల నడుమ మాటాడుట అపచారము కాదు.

ఇక పనిలోనికి వత్తము. ఎరువు బస్తా కుట్టుత్రాడు కోయవలెను. బిందుసేద్యపు గొట్టమును కోయవలెను. అరటియాకు కోయవలెను, పెన్సిలు చెక్కవలెను, నిమ్మకాయ రెండు చెక్కలు చేయవలెను, పట్నమునుండి వచ్చిన పార్సిలు విప్పవలెను. పలుపు మెడకు బిగిసి దూడ గిలగిల కొట్టుకొనుచున్నప్పుడు ఆ ముడి విప్పుటకు వ్యవధి యుండదు, కోయవలసినదే. అట్టివేళ కత్తి ఇంటిలో గూటిలో ఉన్నదనుట కత్తి లేదనుటతో సమానము. మరి కత్తి లేనివాడు ఏమి చేయుచున్నాడు? పండ్లతో చించుచున్నాడు. దారమును చించిన చించనిండు. పురుగుమందు పొట్లమును సైతము మన చేలగట్లపై పండ్లతో చించువారు కలరు. ఆ పొట్లము అంచున అంటియున్న పొడి నాలుకకు తగిలినదా లేదా యని అప్పుడు ఎవరును చూడరు. సాయంకాలము తల తిరిగినచో ఎండదెబ్బ యందురు.

పండ్లు వాడనివారు సగము విఱిచిన క్షౌరపు బ్లేడును వాడుదురు. దానికి పిడి లేదు, ఒఱ లేదు; పట్టుకొన్న వ్రేలినే ముందు కోయును. అది మన పిల్లల పెన్సిలు పెట్టెలలో ఉన్నది. మడతకత్తి ప్రమాదమని భయపడు తల్లిదండ్రులు ఆ బ్లేడుముక్కను మాత్రము చూచి చూడనట్లు ఊరకుందురు. నాకిది వింతగా తోచును.

కాబట్టి మొదటి గుణము, కత్తి ఎల్లప్పుడు మనయొద్ద ఉండుట. ఉండవలెనన్నచో బరువు ఉండరాదు. బరువైన కత్తిని మొదటివారము గర్వముతో మోయుదురు, రెండవవారము జేబు జాఱుచున్నదని విసుగుకొందురు, మూడవవారము అది పెట్టెలో పడును. నా లెక్క చెప్పుచున్నాను: నాలుగు తులములకు, అనగా సుమారు నలుబదియేడు గ్రాములకు, మించరాదు. తులములు తెలియని నేటి యువకులు ఆఱు పదిరూపాయల నాణెములను అరచేతిలో పెట్టుకొని చూచినచో ఆ బరువు తెలియును. అలుగు రెండున్నర మొదలు మూడంగుళముల పొడవున్న చాలును. మామిడికాయకు, నిమ్మకాయకు, త్రాటికి అంతకు మించి అక్కఱలేదు. అలుగు మందము రెండు మిల్లీమీటర్లకు లోపుగా ఉండవలెను. మందమైన అలుగు బలముగా కనబడును గాని అది కోయదు, చీల్చును. చీరకట్టు వారు బొడ్డుసంచిలో పెట్టుకొందురు గనుక వారికి పిడి పలుచగా, అంచులు గుండ్రముగా ఉన్నది మేలు.

రెండవ గుణము వెల. ఒక దినపు కూలికి మించిన వెల పెట్టవలదని నా సలహా. ఇది పిసినితనముచేత చెప్పుచున్న మాట కాదు. వెలగల కత్తి పోవునను భయముతో ఇంటిలో దాచబడును. పోయినను మఱునాడు మఱియొకటి కొనుక్కొందునన్న ధైర్యమున్నప్పుడే అది జేబులో ఉండును, బురదలోనికి దిగును. వెల తక్కువగా ఉండుటకు మఱియొక కారణము కలదు. దానిని కడపట చెప్పెదను, అదియే ముఖ్యము.

తక్కువ వెలకు కొనునప్పుడు అంగడిలో చేయవలసిన పరీక్షలు కలవు. అంగడివాడు విసుగుకొన్నను మీరు తొందరపడవలదు.

మొదట మడచియున్న కత్తిని వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడుడు. అలుగు పిడి గాడికి సరిగా నడుమ కూర్చుండవలెను. ఒక ప్రక్కకు ఒఱగినచో తెఱచినప్పుడెల్ల వాదర పిడిని రాచుకొని మొద్దుపడును. మొన పిడిలోనికి పూర్తిగా మునిగియుండవలెను; వ్రేలితో పిడి అంచును తడిమినచో మొన తగులరాదు. తగిలిన కత్తి జేబును చించును, తరువాత తొడను గీరును. పిమ్మట గోరుగాడిలో బొటనవ్రేలి గోరు పెట్టి తెఱువుడు. గోరు విఱుగునంత బిగువు పనికిరాదు, విదిలించినంతమాత్రమున తెఱచుకొను వదులును పనికిరాదు. వ్రేళ్ల కీళ్లనొప్పులున్న పెద్దవారు తాము స్వయముగా తెఱచి చూచి కొనవలెను. కొడుకును పంపి కొనిపించుకొనరాదు.

తెఱచిన పిదప అలుగును రెండు వ్రేళ్లతో పట్టి ఇటునటు కదపుడు. ఇరుసుచీల వద్ద ఆట కనబడినచో ఆ కత్తిని బల్లపై పెట్టివేయుడు. నేడు వెండ్రుకవాసి ఉన్న ఆట ఆఱునెలలకు మినపగింజంత అగును. చీలకు బదులు మర ఉన్నచో బిగించుకొనవచ్చును గనుక అది కొంత మేలు. కత్తి వెన్నునకు, లోపలి కమానునకు నడుమ వెలుతురు కనబడినచో పనితనము తక్కువని తెలిసికొనుడు. అటుపిమ్మట అతిముఖ్యమైన పరీక్ష. వ్రేళ్లను గాడికి దూరముగా తీసి, పిడిని వెనుకభాగమున పట్టి, అలుగు వెన్నును బల్ల అంచున ఆనించి మెల్లగా అదుముడు. కమాను మాత్రమే ఉన్న కత్తి కొంత బలమునకు మడతపడును; అది దాని స్వభావము, దోషము కాదు. కాని చూపుడువ్రేలి పాటి బలమునకే మడతపడునది వ్రేళ్లను కోయు కత్తి. అడ్డుబిళ్లయో, తిరుగుడు ఉంగరమో ఉన్న కత్తి ఎంత అదిమినను కదలరాదు. వ్రేలు తెగుట అలుగు పదునువలన అరుదు; అనుకొనకుండ మడతపడుటవలన తఱచు.

పదునును బొటనవ్రేలితో చూడు అలవాటు మనలో చాలమందికి కలదు. అది వీరత్వము కావచ్చును గాని పరీక్ష కాదు. పాత వార్తాపత్రిక ముక్కను ఎడమచేత వ్రేలాడదీసి కోయుడు. చింపకుండ కోసినచో పదును బాగున్నది. పదును లేకపోయినను భయపడవలదు, సాన పట్టుకొనవచ్చును; కాని ఆట, ఒఱగుట, బలహీనమైన కమాను, వీనిని మనము ఇంటివద్ద సరిదిద్దజాలము.

బొత్తాము నొక్కగానే టప్పున తెఱచుకొను కత్తులను కొనవలదు. చౌకబారు బొత్తాముకత్తి కమాను సడలి జేబులోనే తెఱచుకొన్నచో ఏమగునో ఊహించుకొనుడు. రాంపురమున పుట్టి సినిమాలలో పేరుపొందిన పెద్ద చాకులు మన ప్రయోజనమునకు చేసినవి కావు. చట్టమును గూర్చియు ఒకమాట. 1959 ఆయుధ చట్టము క్రింద ఏర్పడిన 2016 నియమములలో అలుగు తొమ్మిదంగుళముల పొడవును గాని రెండంగుళముల వెడల్పును గాని మించిన కత్తులను ఆయుధములలో చేర్చిరి. ఇంటిపనికి, సేద్యమునకు, శాస్త్ర పారిశ్రామిక కార్యములకు చేసినవానిని మినహాయించిరి. ఢిల్లీలో బొత్తాముకత్తులపై ఇంతకంటె కఠినమైన ఉత్తరువు కలదు. మన మూడంగుళముల కత్తికి ఈ చిక్కు లేదు. అయినను న్యాయస్థానమునకు, ఓటు వేయు చోటికి, తగవులు తీర్చు పంచాయతీకి పోవునప్పుడు దానిని ఇంటివద్ద ఉంచిపొండు. గల్ఫుదేశములకు పోవు మన పిల్లలు విమానమునందు చేతిసంచిలో పెట్టుకొన్నచో తనిఖీవారు తీసివేయుదురు. సామానులో వేయు పెట్టెలో పెట్టుకొనవలెను.

పదునొకండు పనిముట్లు ఒకేపిడిలో ఉన్నవని సంతలో అమ్ము చౌకకత్తులను గూర్చి నా అభిప్రాయము అడిగినచో, అందులో పది పనిముట్లు పదునొకండవదానిని చెడగొట్టుటకే ఉన్నవని చెప్పుదును. ఆ తరహా కత్తిని చేయదగినట్లు చేసినవారు స్విట్జర్లాండు దేశస్థులు. ఇబాఖ్ అను గ్రామమున కార్ల్ ఎల్జెనర్ అనునతడు 1884లో పనిశాల పెట్టి, 1891లో సైనికులకు కత్తులిచ్చి, 1897లో అధికారుల కత్తిని చేసెను. ఆ విక్టోరినాక్సు కత్తులలో అయిదు సెంటీమీటర్ల ఎనిమిది మిల్లీమీటర్ల చిన్నది రెండు తులముల బరువు కూడ తూగదు. అందులోని కత్తెర నిజముగా కత్తిరించును.

రైతుకత్తికి మేలుబంతి యనదగినది ఫ్రాన్సు దేశపుది. ఆల్ప్స్ పర్వతముల దాపున సవాయి సీమలో జోసెఫ్ ఒపినెల్ అను పనిముట్ల కమ్మరివాని కుమారుడు 1890లో ఒక మడతకత్తిని చేసెను. 1897లో ఒకటి మొదలు పండ్రెండు వఱకు అంకెలతో పరిమాణము లేర్పఱచిరి. ఎనిమిదవ అంకె కత్తి అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, బరువు సుమారు నలుబదియైదు గ్రాములు, అనగా మన నాలుగు తులములలోపే. 1955లో తిరుగుడు ఉంగరమును చేర్చిరి. అది త్రిప్పినచో అలుగు మడతపడదు. అలుగు, కఱ్ఱపిడి, ఇరుసుచీల, రెండు ఉంగరములు, ఇంతే కత్తి. అయిదు భాగములలో దాచిపెట్టుటకు ఏమియు లేదు గనుక మోసమునకు చోటు లేదు. దానికొక దోషము కలదు: తడిసినచో కఱ్ఱ ఉబ్బి అలుగును పట్టివేయును, మన శ్రావణమాసమున అది సణుగును. ఆ దేశమున అది సామాన్యుని కత్తి. మన అంగడికి వచ్చుసరికి వెల పెరిగినది. నేను దానినే కొనుడని చెప్పుటలేదు. సంతలో కత్తి కొనునప్పుడు కంటిముందు నిలుపుకొనుటకు చెప్పుచున్నాను. పేరు చూచి కొనుటలోని వేడుక మార్క్ ట్వేన్ 1876లో ప్రకటించిన టామ్ సాయర్ కథలో ఉన్నది. నండూరి రామమోహనరావుగారి తెనిగింపును చదివినవారికి జ్ఞాపకముండవచ్చును. ఆ బాలునికి బహుమానముగా వచ్చిన బార్లో కత్తి ఏమియు కోయదు, అయినను అసలైన బార్లో యని వాని యానందమునకు మేర లేదు. వాడు బాలుడు గనుక శోభించినది.

ఇక ఉక్కు. తుప్పుపట్టని ఉక్కులో నూటికి పదిన్నర పాళ్లకు తగ్గకుండ క్రోమియము ఉండును. చింతపండు, మామిడికాయ, నిమ్మకాయ తగిలినను అది నల్లబడదు. మామూలు కార్బను ఉక్కు పులుసు తగులగానే నల్లనగును, కాయముక్కకు ఇనుపరుచి పట్టించును; కాని సానపై సులభముగా పదును తీయును. అంటుకట్టువారికి, త్రాళ్లు కోయువారికి కార్బను ఉక్కు. పండ్లు, కాయగూరలు తఱుగువారికి తుప్పుపట్టనిది. తడి తుడిచి మడచి, వారమునకొక చుక్క కొబ్బరినూనె ఇరుసున వేసినచో ఏదైనను చాలకాలము నిలుచును.

ఉక్కును గూర్చి మనము ఒరులనుండి నేర్చుకొనవలసినవారము మాత్రమే కాము. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించెడివారు. పారసీక వర్తకులు ఆ ముద్దల కొఱకు అంతదూరము వచ్చెడివారు. వాయిసీ అను ఆంగ్లేయుడు దానిని చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. కన్నడ తెనుగుల 'ఉక్కు' మాటయే ఆంగ్లేయుల నోట 'ఊట్జు' అయినదని పండితుల అభిప్రాయము. బొంబాయినుండి లండనుకు పంపిన ఊట్జు ముద్దలను గూర్చి 1795లో జార్జి పియర్సన్ రాయల్ సొసైటీ వారికి ఒక వ్యాసము సమర్పించెను. ఆ పరీక్షలలో స్టోడార్టు అను కత్తుల పనివాడు మన దేశపు ఉక్కుతో చేసి చూచినది ఖడ్గము కాదు, బాకు కాదు, కలము చెక్కుకొను చిన్నకత్తి! వారి మేలైన ఉక్కుకత్తికి అది తీసిపోలేదని తేల్చెను. డమాస్కసు ఖడ్గముల కథ పదిమంది చెప్పుదురు. ఈ చిన్నకత్తి కథ చెప్పువారు అరుదు గనుక చెప్పితిని.

కడపట చెప్పెదనన్న మాటకు వచ్చుచున్నాను. ఒక కత్తి కాదు, రెండు కొనుడు. పిడి రంగులు వేఱువేఱుగా ఉండవలెను. ఎఱ్ఱపిడిది పొలమునకు, తెల్లపిడిది తిండికి. పురుగుమందు పొట్లమును కోసిన కత్తితో మధ్యాహ్నము మామిడిపండు కోసికొనుటకంటె పండ్లతో పొట్లము చించుటయే నయమని వాదించినవాడు గెలుచును. పొలపు కత్తిని పొలపు సంచిలోనే ఉంచి, మందు తగిలిననాడు తొడుగులున్న చేతులతో సబ్బునీట కడిగి ఆరబెట్టుడు. అది వంటయింటి గడప దాటరాదు. రెండు కొనవలెనన్నచో వెల తక్కువగా ఉండక తప్పదు. ఇంతసేపు చౌకదనమును పొగడుటకు కారణమిదియే.

పొలపు కత్తి తెగినచో తుప్పువలన ధనుర్వాతము వచ్చునని మనవారందురు. తుప్పు కారణము కాదు. మట్టిలో, పేడలో ఉండు సూక్ష్మక్రిములు కారణము. తళతళలాడు కత్తికి మట్టి అంటియున్నను అపాయమే. గాయమును సబ్బునీట కడిగి ఆసుపత్రికి పోయి టీకామందు సంగతి అడుగవలెను. మఱియొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. పాము కఱచినప్పుడు కాటుపై కత్తితో గాటు పెట్టుట మన ప్రాంతమున నేటికిని చేయుచున్నారు. చేయరాదు. దానివలన విషము దిగదు, నెత్తురు కాఱును, ఆసుపత్రికి చేరవలసిన గడియలు వృథాయగును. విషమునకు విఱుగుడు మందు ఆసుపత్రిలో ఉన్నది, జేబులో లేదు. ఆ సమయమున మీ కత్తిని మడచి జేబులోనే ఉంచుడు.

సాన పట్టుటను గూర్చి కొంచెము. రాతిని నీటితో తడిపి, కత్తి వెన్నును రాతికి రెండుమూడు పదిరూపాయల నాణెముల మందమంత ఎత్తున నిలిపి, వాదర ముందుగా, రాతిపైపొరను కోయుచున్నట్లు నడుపుడు. ఒకవైపు పదిమాఱులు, రెండవవైపు పదిమాఱులు. ఎత్తు మాఱకుండుటయే విద్య.

పిల్లలకు ఇయ్యవచ్చునా యని అమ్మలు అడుగుదురు. జపానులో బడిపిల్లలు పెన్సిలు చెక్కుటకు హిగోనొకామి అను మడతకత్తిని కొనిపోవుచుండెడివారు. 1960లో సోషలిస్టు నాయకుడు అసనుమ ఇనెజిరోను పదునేడేండ్ల బాలుడు పొడిచి చంపిన పిమ్మట పిల్లలకు కత్తులు ఇయ్యవలదను ఉద్యమము లేచి అది బడులనుండి తొలగిపోయెను. ఆ బాలుడు పొడిచినది పొట్టి ఖడ్గముతో. శిక్ష పడినది పెన్సిలు కత్తికి. తండ్రి చేసిన నేరమునకు కూతురిని ఊరు వెడలగొట్టినట్లయినది. నా మట్టుకు, పదేండ్లు దాటిన పిల్లవానికి, పిల్లకును, మొన గుండ్రముగా ఉన్న చిన్నకత్తి ఇచ్చి, ప్రక్కన కూర్చుండి, తనకు ఎదురుగా కాక బయటికి కోయుట నేర్పవలెనందును. బడికి మాత్రము పంపవలదు. అచటి నియమము అచటిది.

ఈ సందర్భముననే గ్రంథాలయపు లెక్క ఒకటి మనవి చేయవలసియున్నది. గడచిన సంవత్సరము వారపత్రికల కట్టలలో ముప్పదికి పైగా బొమ్మలు మాయమైనవి. అంచులు చూచితిని. మిక్కిలి నేర్పుగా, గీత తప్పకుండ కోసిరి. కోసినవారికి పదును సంగతి నాకంటె బాగుగా తెలియును. వారు ఈ సభలో ఉన్నచో రేపటినుండి ఆ నేర్పును బీరకాయలపై చూపవలసినదిగా కోరుచున్నాను.

సంతలో కొన్న నాలుగు కత్తులను వార్తాపత్రికల బల్లమీద ఉంచితిని. రెండు మంచివి, రెండు కావు. ఏవి యేవో నేను చెప్పను. సభానంతరము చెప్పిన పరీక్షలు చేసి చూచి, మీ తీర్పును చీటీపై వ్రాసి కార్యదర్శిగారికి ఇండు. పాతపత్రికల కాగితము కోసి చూచుటకు ప్రక్కన పెట్టితిని. ఈ వారపు పత్రికల జోలికి పోవలదు.